సినగాగ్ తాళాలన్నీ మా ఆయన దగ్గరే

అమెరికా నడిమి రాష్ట్రాల్లోని ఒక చిన్న యూనివర్సిటీ ఊరి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు. పుట్టింది గోదావరి జిల్లాలో, ఉద్యోగం అక్కడి ఆసుపత్రి ల్యాబ్‌లో. భర్త యూదుడు, యూనివర్సిటీలో పాఠాలు చెబుతారు. పెళ్లయి పదిహేనేళ్లు దాటింది. ఒక్కతే అమ్మాయి, పన్నెండో ఏడు నడుస్తోంది.

ఆ ఊళ్లో యూదు కుటుంబాలు ముప్ఫై దాకా ఉంటాయట. ఒకప్పటి పళ్ల డాక్టరు క్లినిక్కును కొని, అడ్డగోడలు తీసేసి, చిన్న సినగాగ్‌గా, అంటే యూదుల ప్రార్థనా మందిరంగా, మార్చుకున్నారు. రబ్బీ, అంటే మతగురువు, లేరు. జీతమిచ్చి పెట్టుకునే స్తోమత ఎప్పుడూ లేదు. ప్రార్థన చేయించేదీ ఉన్నవాళ్లే, పిల్లలకు హీబ్రూ నేర్పేదీ వాళ్లే, చెత్తబుట్టలు ఖాళీ చేసేదీ వాళ్లే. "ఉన్నవాళ్లే అని పేరుకు అంటాం గానీ, కొన్నేళ్లుగా అది మా ఆయనే" అని రాశారీమె. నెలకు రెండు శుక్రవారాలు సాయంత్రం ప్రార్థన ఆయనే నడుపుతారు. వాళ్ల పవిత్ర గ్రంథమైన తోరా చుట్ట విప్పి చదవగలిగింది ఆ ఊళ్లో ఆయనా, ఇంకొకరూ. ఆ ఇంకొకరు చలికాలమంతా ఫ్లోరిడాలో ఉంటారు. హీటర్ ఆగిపోతే మెకానిక్ ఫోన్ చేసేది ఆయనకే. తాళాల గుత్తి ఆయన జేబులోనే. ఈమధ్య గొంతు పోయింది. గట్టిగా మాట్లాడొద్దని డాక్టరు చెప్పిన రోజుల్లోనే యోమ్ కిప్పూర్, వాళ్ల ప్రాయశ్చిత్త దినం, వచ్చింది. 25 గంటల ఉపవాసం ఉండి మరీ రోజంతా ప్రార్థన ఆయనే చేయించారు.

దీనికి తోడు పదిమంది గొడవ. చనిపోయినవారి కోసం చెప్పే కద్దిష్ లాంటివి చెప్పాలంటే పదిమంది వయోజనులైన యూదులు ఉండాలి. ఓ శుక్రవారం మధ్యాహ్నం ఒక పెద్దావిడ ఫోన్ చేసి, ఈ రోజు మా ఆయన పోయిన తిథి, పదిమంది అవుతారా అని అడిగారు. తొమ్మిదిమందే తేలారు. ఈయన క్లాసు ముగించుకుని పార్కింగ్ లాట్‌లో కారులోనే కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నారు. పక్క సీట్లో ఈమె ఉన్నారు. ఈమె మతం మారలేదు కాబట్టి ఆ పదిమందిలోకి రారు. 2018లో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో పదకొండుమందిని కాల్చి చంపాక, ఈ చిన్న చోట కూడా ప్రార్థన వేళ తలుపు గడియపెట్టి ఒకరు కాపలా నిలబడుతున్నారు. "ఆ డ్యూటీ నాకే పడింది. లోపల లెక్కకు రాని మనిషిని కదా" అంటారు.

మరో మూడు సంగతులు కూడా రాశారు. పోయిన పస్కా పండక్కి అందరూ కలిసి చేసుకునే సెడర్ భోజనం కోసం ఈమె సినగాగ్ వంటింట్లో పులిహోర కలిపారు. వంటిల్లు చూసుకునే ఆవిడ ఇంగువ డబ్బా చేతిలోకి తీసుకుని, వెనకనున్న సన్న అక్షరాలు చదివి, "ఇందులో గోధుమపిండి ఉంది" అని అందరి ముందూ పైకి అనేసి, గిన్నె తీసుకెళ్లి బయట మెట్ల మీద పెట్టేశారు. రెండోది లెక్కలు. కోశాధికారి ఊరు వదిలి వెళ్లిపోతే, ఖాతాలన్నీ ఈమె చూస్తున్నారు. బైలాస్ ప్రకారం సభ్యులు యూదులే అయి ఉండాలి కనక ఈమెకు ఓటు లేదు. మూడోదే అసలు గాయం. వచ్చే ఏడు అమ్మాయికి బాత్ మిత్జ్వా, అంటే ఆడపిల్ల మతపరంగా పెద్దదైనట్టు చేసే వేడుక. ఆ రోజు తల్లి వేదిక ఎక్కకూడదు, కింద కూర్చుంటే చాలని సినగాగ్ పెట్టినవాళ్లలో ఒకరైన ఎనభై దాటిన పెద్దాయన ఈమె భర్తతో అన్నారట. భర్త ఏమీ అనలేక ఇంటికొచ్చి చెప్పారు.

ఈమె అడిగేది: ఇదంతా వదిలేసి గంటన్నర దూరంలో సిటీలో ఉన్న పెద్ద సినగాగ్‌లో చేరిపోదామా? నేను మతం మారిపోతే ఈ గొడవలు తీరతాయా? లేక అమ్మాయి వేడుక అయ్యేదాకా నోరు మూసుకోనా? పైగా ఇండియా నుంచి వాళ్లమ్మగారు వేడుకకు వస్తున్నారు. "నువ్వు అందులో కలిసిపోయావా ఏంటే?" అని ఫోన్లో ఇప్పటికే అడుగుతున్నారు.

*

అమ్మా, ముందు మీ వారి అలసట సంగతి చూద్దాం. మిగతావన్నీ దాని పక్కనే మొలిచాయి.

రబ్బీ లేకపోవడం యూదుల్లో లోటేమీ కాదు. వచ్చినవాళ్లు ఎవరైనా ప్రార్థన నడపొచ్చు. రబ్బీ అంటే ప్రధానంగా గురువు, ధర్మసందేహాలు తీర్చే మనిషి. మన దేశంలోనే చూడండి. కొచ్చిలో పరదేశీ సినగాగ్ 1568లో కట్టారు. కొచ్చి యూదులు గానీ కొంకణ తీరంలోని బెనే ఇజ్రాయెలీలు గానీ శతాబ్దాల తరబడి రబ్బీలు లేకుండానే, పెద్దల చేతా ప్రార్థన వచ్చినవాళ్ల చేతా నెట్టుకొచ్చారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిములకూ ఒక చిన్న సినగాగ్ ఉంది. అక్కడా సంఘం నడిపేది ఊరివాళ్లే. కాబట్టి మీ సినగాగ్ ఏదో సగంలో ఆగిపోయిన వ్యవహారమని మీరూ అనుకోవద్దు, సిటీలోని పెద్ద సినగాగ్ వాళ్లు అలా మాట్లాడినా పట్టించుకోవద్దు.

అయితే రబ్బీ లేనిచోట రెండు ఇబ్బందులు తప్పవు. జీతం తీసుకునేవాళ్లుంటే ఇది నా పని, అది నా పని కాదు అని గీత ఉంటుంది. మీ దగ్గర ఆ గీత లేదు. ఎవరు కాదనరో వాళ్ల మీదికి పనులన్నీ జారుకుంటూ వస్తాయి. దున్నే ఎద్దునే పొడుస్తారని ఊరికే అన్నారా! రెండోది, తగువు వస్తే 'రబ్బీగారు ఇలా అన్నారు' అని ముగించేవాళ్లు లేరు. అప్పుడు అందరికంటే పాతకాపు ఏమంటే అదే రూలైపోతుంది. మీ వారిని పీడిస్తున్నది మొదటిది. మిమ్మల్ని నొప్పించింది రెండోది. మీ ఉత్తరంలో ఈ రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అందుకే మీ ప్రశ్నలు కూడా ఉంటే పూర్తిగా ఉండాలి, పోతే పూర్తిగా పోవాలి అన్నట్టు తయారయ్యాయి.

మీ వారికి తోరా బాగా తెలుసు కాబట్టి నిర్గమకాండము 18వ అధ్యాయం గుర్తు చేయండి. మోషే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగువులన్నీ తీరుస్తుంటాడు. అది చూసి ఆయన మామ యిత్రో, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, నీ జనమూ నలిగిపోతారు, వెయ్యిమందికి ఒకణ్ణి, వందమందికి ఒకణ్ణి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్కణ్ణి పెట్టు, పెద్ద తగువులు మాత్రమే నీ దాకా రానీ అంటాడు. ఈ యిత్రో మిద్యాను దేశపు పూజారి, ఇశ్రాయేలీయుడు కూడా కాడు. పెళ్లి వల్ల చుట్టమైనవాడు. మోషే అతని మాట విని అలాగే చేశాడు. పది ఆజ్ఞలు వచ్చే ఆ వారపు తోరా భాగానికి యూదులు పెట్టుకున్న పేరు కూడా ఈ మామ పేరే. బయటి మనిషిని, నాకేం హక్కుంది అని మీరు అడిగారు. ఇంటికి చుట్టమై వచ్చిన మనిషి 'నలిగిపోతావు' అని చెబితే వినాలన్నది వాళ్ల గ్రంథంలోనే ఉంది. చెప్పండి.

ఇక ఎలా తగ్గించుకోవాలన్నది. వేరే మనిషి దొరికాక వదిలేస్తాను అని మీ వారు అంటున్నారు కదా, అలాగైతే ఎప్పటికీ దొరకరు. సంఘాల్లో కుర్చీ ఖాళీ అయి కనిపిస్తే తప్ప దాని వంక ఎవరూ చూడరు. తెలుగు సంఘాల్లోనూ గుడి కమిటీల్లోనూ నేను చూసిందీ ఇదే. తేదీ చెప్పి దిగిపోవాలి. ఫలానా నెల నుంచి తాళాలు, హీటరు, కరెంటు బిల్లు నా దగ్గర ఉండవు, ప్రార్థన నెలకు ఒక్క శుక్రవారమే చేయిస్తాను అని ఒక చిన్న మెయిల్ రాస్తే చాలు. కారణాలు వివరించక్కర్లేదు. గొంతు గురించి ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

అలా చేస్తే ఏమవుతుందో కూడా ముందే తెలిసి ఉండాలి. ఒకటో రెండో శుక్రవారాలు తలుపులు తెరుచుకోవు. ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. చలికి పైపు పగిలినా పగలొచ్చు. ఆ రోజు మీ వారు పరిగెత్తకుండా ఇంట్లో కూర్చోగలరా? కూర్చోలేనంటే మెయిల్ ఇప్పుడే రాయవద్దు. రాసి, మొదటి ఫోన్‌కే లేచి వెళ్లిపోతే ఇక ఆ మాటకు విలువుండదు. అప్పటిదాకా తాళాల గుత్తి ఒక్కటే ఇచ్చేయమనండి. చిన్నదిగా కనిపిస్తుంది గానీ తాళాలు ఎవరి దగ్గరుంటే ఫోన్లు వాళ్లకే వస్తాయి.

'సమాజాన్ని వదిలి వేరైపోకు' అని హిల్లేల్ అనే పాతకాలపు యూదు గురువు చెప్పిన మాట ఒకటి పిర్కే అవోత్ అనే సూక్తుల పుస్తకంలో ఉంది. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు దాన్ని తీస్తారు, చూస్తుండండి. తాళాల గుత్తి ఇంకొకరి చేతికివ్వడం వేరైపోవడం కిందికి రాదు. మీ వారు మళ్లీ ఒక శుక్రవారం వెనక వరసలో కూర్చుని, ఎవరో చదువుతుంటే వినడం కూడా ఆ సమాజంలో ఉండటమే.

ఆ పెద్దావిడ కద్దిష్ సంగతికి మాత్రం సులువైన దారి ఉంది. వాళ్ల వర్ధంతులు యూదుల క్యాలెండర్ ప్రకారం వస్తాయి. మన తద్దినాలు తిథి ప్రకారం వచ్చినట్టే ఇంగ్లిషు తేదీ ఏటా మారుతుంది, కానీ ఏ ఏడు ఎప్పుడొస్తుందో ఎంతో ముందే లెక్కగట్టవచ్చు. ఆ ముప్ఫై ఇళ్ల వర్ధంతులూ ఒక కాగితం మీదికి తెచ్చి, రోష్ హషానాకు, అంటే వాళ్ల కొత్త సంవత్సరానికి, అందరికీ పంపండి. ప్రతి తేదీకీ వస్తామని పదిమంది పేర్లు రాయించుకోండి. పన్నెండుమందైతే మరీ మంచిది. మీ వారి ఫోన్లన్నీ శుక్రవారం మధ్యాహ్నం చేసేవే. మూడు వారాల ముందు అడిగితే వచ్చేవాళ్లు, మూడు గంటల ముందు అడిగితే రారు. ఈ జాబితా రాయడం మీ వారి పని కాకుండా చూడండి, అంతే. ఆ పెద్దావిడనే రాయమనండి. ఫోన్లు చేయడం ఆవిడకు వచ్చు కదా.

పదిమంది కుదరని రోజున ప్రార్థన మొత్తం ఆగిపోనక్కర్లేదన్న సంగతి మీ వారికి తెలుసు, మిగతావాళ్లకు తెలుసో లేదో. షెమా అనే ప్రార్థన చదువుకోవచ్చు, అమీదా ప్రార్థన ఎవరికి వారు చెప్పుకోవచ్చు, దీపాలు వెలిగించొచ్చు, పాడొచ్చు. ఆగేది కద్దిష్, ప్రార్థనకు అందరినీ పిలిచే బరెఖూ, తోరా చుట్టలోంచి చదవడం లాంటివి. ఏడుగురొచ్చినా మొదలుపెట్టేద్దాం, ఉన్నదాంతో చేద్దాం అనుకుంటే ఆ పార్కింగ్ లాట్ టెన్షన్ సగం పోతుంది. జూమ్‌లో కలిసినవాళ్లను పదిమందిలో లెక్కపెట్టొచ్చా అన్న వాదన కోవిడ్ నుంచి నడుస్తూనే ఉంది. కొన్ని చోట్ల ఒప్పుకున్నారు, కొన్ని చోట్ల లేదు. మీవాళ్లు ఒక ఆదివారం కూర్చుని తేల్చుకోవాలి. ఇంకొకటి: రబ్బీ చదువు చదువుతున్న విద్యార్థులను చిన్న ఊళ్లకు నెలకోసారి, పండగలకు ఓసారి పిలిపించుకునే పద్ధతి అమెరికాలో చాలాకాలంగా ఉంది. కనీసం యోమ్ కిప్పూర్‌కైనా అలా ఒకరిని పిలవమని అడగండి. దారి ఖర్చులు, కాస్త దక్షిణ, ఎవరింట్లోనో ఒక గది కావాలి. ఆ డబ్బుందో లేదో లెక్కలు చూసే మీకే తెలుసు.

ఇప్పుడు ఆ పెద్దాయన మాట.

ఆయన అన్నది మీ గురించే, మీ అమ్మాయి గురించి కాదు. ఇది మీరు గమనించినట్టు లేదు. పాత ధర్మం ప్రకారం తల్లి యూదురాలైతేనే బిడ్డ యూదు. యూదుల్లో సంప్రదాయ శాఖలైన ఆర్థడాక్స్ వాళ్లూ కన్సర్వేటివ్ వాళ్లూ నేటికీ అదే పాటిస్తారు. తల్లి గానీ తండ్రి గానీ ఒకరు యూదులై, బిడ్డను నలుగురికీ తెలిసేలా యూదు సంప్రదాయంలో పెంచితే బిడ్డ యూదుగానే లెక్క అని అమెరికాలో మార్పులను ఒప్పుకునే రిఫార్మ్ శాఖ రబ్బీలు 1983లో తీర్మానించారు. మీ సినగాగ్ ఏ శాఖకూ చెందలేదనీ, అన్ని రకాలవాళ్లూ ఉన్నారనీ రాశారు. ఆ పెద్దాయన కన్సర్వేటివ్ ఇంట్లో పెరిగారన్నారు. అలా పెరిగిన మనిషి మీ అమ్మాయి తోరా ముందు నిలబడటానికి అడ్డు చెప్పలేదంటే, తన వరకు తను చాలా దూరమే నడిచి వచ్చాడన్నమాట. ఆయన మాట కరుకే. అయినా ఆయనతో మాట్లాడబోయే ముందు ఇది మనసులో పెట్టుకోండి.

వేదిక మీద జరిగేవన్నీ ఒక తరహావి కావు. తోరా చదివేముందు పిలుపు అందుకున్నవాళ్లు చెప్పే స్తుతి ఉంటుంది. మమ్మల్ని ఎన్నుకుని మాకు తోరానిచ్చిన దేవా అని అందులో వస్తుంది. అది యూదులు తమ గురించి తాము చెప్పుకునే మాట, అందుకే చాలా సంఘాలు దాన్ని యూదులకే ఉంచుతాయి. మీరే ఆలోచించండి, మతం మారకుండా ఆ మాట పైకి చెప్పడం మీకూ ఇబ్బందిగా ఉండదా? కానీ మీ వారు ఆ స్తుతి చెబుతుంటే పక్కన నిలబడటం, కూతురి తల మీద చెయ్యిపెట్టి మీ మాటల్లో దీవించడం, లోకశాంతి కోసం చేసే ప్రార్థన ఇంగ్లిషులో చదవడం వేరు సంగతులు. యూదులు కాని తల్లిదండ్రులకు వీటిని ఇచ్చే సంఘాలు చాలా ఉన్నాయి. తోరా చుట్టలుండే పవిత్రమైన అల్మారా తలుపు తెరవడం, తోరాను అమ్మమ్మ చేతి నుంచి అమ్మ చేతికి, అమ్మ చేతి నుంచి పిల్ల చేతికి ఇవ్వడం లాంటి వాటి దగ్గర మాత్రం ఒక్కో సంఘం ఒక్కో రకంగా ఉంటుంది.

అందుకని 'నేను వేదిక ఎక్కొచ్చా' అని అడగవద్దు. ఆ ప్రశ్నకు అవును, కాదు తప్ప జవాబు లేదు, కాదు అనడం తేలిక. 'ఈ సంఘంలో యూదులు కాని తల్లి గానీ తండ్రి గానీ వేడుకలో ఏమేం చేయొచ్చు' అని రాతపూర్వకంగా అడగండి. మీ పేరు, మీ అమ్మాయి పేరు లేకుండా అడగండి. ముప్ఫై ఇళ్ల సంఘంలో ఇలాంటి జంట మీరొక్కరే అయ్యుండరు. పూజా వ్యవహారాలకు ఒక కమిటీ ఉంటే దానికి, లేకపోతే సర్వసభ్య సమావేశానికి. తీర్మానం ఇప్పుడే, వేడుకకు నెలలుండగానే రావాలి. వేడుక దగ్గరపడ్డాక అడిగితే అది మీ ఇంటి గొడవగా మారుతుంది, అప్పుడు ఎవరూ తలదూర్చరు.

జవాబు మీకు నచ్చకపోవచ్చు. పక్కన నిలబడొచ్చు గానీ మాట్లాడకూడదు అనొచ్చు. అయినా పెద్దాయన గొంతులోంచి వచ్చిన మాట కంటే అది మేలు. అది సంఘం పెట్టుకున్న రూలు, మీకూ ఇంకో ఇంటికీ ఒకటే, రెండేళ్ల తర్వాత మళ్లీ మార్చమని అడగొచ్చు. ఇవన్నీ మనుషులు కూర్చుని మార్చుకుంటూ వచ్చినవే. ఆడవాళ్లను ఆ పదిమందిలో లెక్కపెట్టొచ్చని కన్సర్వేటివ్ శాఖ ఒప్పుకున్నది 1973లో. అమెరికాలో మొదటి బాత్ మిత్జ్వా 1922లో, న్యూయార్క్‌లో జరిగింది. ఆ లెక్కన ఆ పెద్దాయన పుట్టేనాటికి ఆడపిల్లలకు ఈ వేడుక అంటే చాలామందికి కొత్తే. ఈ ముక్క ఆయన మొహాన అనాలని మీకు అనిపిస్తుంది. వద్దు. మీ వారు కాకుండా మీరే ఒక సాయంత్రం ఆయనింటికి వెళ్లి, "ఆ రోజు మీరు నాకోసం ఏ భాగం మిగిల్చారు?" అని అడగండి. కొందరు నలుగురిలో ఒక రకంగా, ఎదురుగా కూర్చుంటే ఇంకో రకంగా మాట్లాడతారు. ఆయన అలాంటివారు కాకపోతే, మీరు పోగొట్టుకునేది ఒక సాయంత్రం.

మతం మారడం గురించి. మీలో మీకు ఆ కోరిక ఉందా లేదా అన్నది ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. గొడవలు తీరతాయా అని మాత్రమే అడిగారు. గొడవలు తీరడానికైతే ఆ పని చేయకండి. పైగా అది మీ ఊళ్లో కూర్చుని చేసుకునేది కాదు. రబ్బీ దగ్గర మామూలుగా ఏడాది పాటు చదువు, ముగ్గురు సభ్యుల ధర్మపీఠం ముందు హాజరు, మిక్వే అనే శుద్ధి స్నానపు కొలనులో మునక ఉంటాయి. 'ఎందుకు' అని వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకు 'వేదిక ఎక్కడానికి' అన్నది సరిపోదు. ఇంకో సంగతి. మీరు ఇప్పుడు మారినా, పాత ధర్మం పాటించేవాళ్ల లెక్కలో, ముందే పుట్టిన మీ అమ్మాయి పరిస్థితి మారదు. వాళ్ల దృష్టిలో ఆ పిల్లకు విడిగా ఆ తంతు జరగాలి. ఎప్పుడో ఒకరోజు, ఎవరి గొడవా లేని ప్రశాంతమైన రోజున, మీకే కావాలనిపిస్తే అప్పుడు వేరు.

సిటీలోని పెద్ద సినగాగ్ అన్నారు కదా, అది ఏ శాఖదో ముందు కనుక్కోండి. కన్సర్వేటివ్ అయితే ఇక్కడ మీ గురించి వచ్చిన ప్రశ్న అక్కడ మీ అమ్మాయి గురించి వస్తుంది. అప్పుడు బాధ రెట్టింపు. రిఫార్మ్ అయితే మీ ఇద్దరికీ చోటు సులువుగా దొరకొచ్చు. రబ్బీ ఉంటారు, టీచరుంటారు, మీ వారు వెనక కూర్చుని ప్రార్థన చేసుకోవచ్చు. దాని ఖరీదు ప్రతి వారం మూడు గంటల కారు ప్రయాణం, సభ్యత్వ రుసుము, మీ అమ్మాయి ఇన్నేళ్లూ కూర్చుని పెరిగిన ఆ పళ్ల డాక్టరు క్లినిక్కు. ఇక్కడ మీ వారి చోటు ఖాళీ అయితే కొంతకాలం తర్వాత ఆ తలుపులు మూతపడే ప్రమాదమూ ఉంది. అది మీ తప్పు కాదు గానీ మీ వారికి అలా అనిపించి తీరుతుంది. మధ్యేమార్గం కూడా ఉంది. అమ్మాయి చదువు మటుకు అక్కడ ఆన్‌లైన్‌లో ఏర్పాటు చేసుకుని, వేడుక ఇక్కడ చేయొచ్చు. తండ్రే గురువైతే పన్నెండేళ్ల పిల్లకు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

లెక్కల సంగతి రెండు మాటల్లో చెబుతాను. హోదా లేకుండా ఖాతాలు ముట్టుకోకండి. చెక్కుల మీద సంతకం చేస్తున్నారంటే రేపు ఎవరైనా ఒక ప్రశ్న వేస్తే, సభ్యురాలు కాని మనిషి చేతిలో డబ్బు ఎందుకు పెట్టారన్నది మీ మెడకే చుట్టుకుంటుంది. ఇంటికొక సభ్యత్వం అని బైలాస్ మార్చి, యూదులు కాని భార్యాభర్తలకు ప్రార్థన విషయాల్లో తప్ప మిగతా వాటిలో ఓటివ్వమనండి. చాలా సంఘాలు అలా చేసుకున్నాయి. మార్చనంటే పుస్తకాలు మర్యాదగా అప్పగించేయండి. వాళ్లు వెంటనే బైలాస్ తీసి చదువుకుంటారని నా అనుమానం.

తలుపు కాపలా మాత్రం మానకండి అనాలనుంది గానీ, మీకెలా అనిపిస్తే అలా చేయండి. ఆ పనికి ఒక వంతుల పట్టిక ఉండాలి. ప్రతిసారీ మీరే నిలబడటం వల్లే అది 'లెక్కకు రాని మనిషి పని' అనిపిస్తోంది. ఓ శుక్రవారం ఆ పెద్దాయన కొడుకు నిలబడి, మీరు లోపల కూర్చుని కూతురి పాట వినండి.

ఇంగువ దగ్గర నేను మీ పక్షాన పూర్తిగా లేను. పస్కా ఎనిమిది రోజులూ గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే అయిదు ధాన్యాలతో చేసినవి, మత్సా అనే పులియని రొట్టె తప్ప, తినరు. ఇంట్లో ఉంచుకోరు కూడా. మన బజారు ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. ఆవిడ చదివింది నిజమే, ఆ రోజున ఆ డబ్బా వంటింట్లోకి రాకూడనిదే. అన్నం సంగతి వేరు. బియ్యం, పప్పులు మానడం తూర్పు ఐరోపా నుంచి వచ్చిన అష్కెనాజీల ఆచారం. స్పెయిన్ వైపు నుంచి వచ్చిన సెఫార్దీలు చాలామంది తింటారు, మన బెనే ఇజ్రాయెలీలూ తింటారు, కన్సర్వేటివ్ శాఖ కూడా 2015లో తినొచ్చంది. అంటే పులిహోర వడ్డించాలా వద్దా అన్నది సంఘం తేల్చుకోవలసిన విషయం, ఇంగువ డబ్బా విషయంలో తేల్చుకోవడానికేమీ లేదు. ఆవిడ చేసిన తప్పు గిన్నె మెట్ల మీద పెట్టడం. పక్కకు పిలిచి చెప్పి ఉంటే మీరే తీసేసేవారు. వచ్చే పస్కాకు ముందు ఆవిడకే ఫోన్ చేసి, నేను తెచ్చే సరుకులు మీరొకసారి చూస్తారా అని అడగండి. బియ్యప్పిండి కలిపిన ఇంగువ ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది. అష్కెనాజీ పట్టు ఉన్నవాళ్లు దానికీ ఒప్పుకోకపోతే ఆ ఒక్క పూటకూ ఇంగువ మానేసి, ఏ వంకాయ కూరో చేయండి. మిగతా ఏడాదంతా శుక్రవారం ప్రార్థన తర్వాత మీ పులిహోర గిన్నె ఖాళీ అవుతోందని మీరే రాశారు. పాలూ కూరగాయలూ తప్ప మాంసం రానివ్వని వంటింట్లో మన శాకాహారానికి అడ్డేముంటుంది?

మీ అమ్మగారికి నిజం చెప్పండి. నేను కలిసిపోలేదు, కానీ నా కూతురు ఆ ఇంటి పిల్ల అని. వచ్చే ముందే కొన్ని విషయాలు చెప్పి ఉంచండి. ప్రార్థన రెండు గంటలు పట్టొచ్చు, ఎక్కువగా హీబ్రూలో ఉంటుంది. తోరా బయటికి తీసినప్పుడు అందరూ లేచి నిలబడతారు, ఆవిడా నిలబడితే చాలు. మోకాళ్లు నొప్పంటే కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. షబ్బాత్, అంటే శనివారపు విశ్రాంతి దినం, రోజున లోపల ఫొటోలు తీయనివ్వని వాళ్లుంటారు కాబట్టి, పట్టుచీరతో ఫొటోలు శుక్రవారం మధ్యాహ్నమే తీసేసుకోండి. అమ్మమ్మ తన మనవరాలికి తెలుగులో ఒక దీవెన చెప్పొచ్చా అన్నది కూడా ఆ సమావేశానికి పంపే కాగితంలో రాయండి. ఏ స్తుతిలోనూ లేని మాటలు కాబట్టి దానికి అభ్యంతరం చెప్పడం ఎవరికైనా కష్టమే.